బాండు మీద సంతకం పెట్టాను, ఉద్యోగం మారొచ్చా?

ప్రశ్న: మాది ఆమదాలవలస దగ్గర పల్లెటూరు. 2024లో బీటెక్ పూర్తి చేశాను. విశాఖపట్నం మధురవాడలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఆసుపత్రుల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మా పని. చేరిన రోజే వంద రూపాయల స్టాంపు కాగితం మీద ఒప్పందం రాయించుకున్నారు. రెండేళ్లలోపు మానేస్తే మూడు లక్షలు కట్టాలి. మానేశాక రెండేళ్లు ఇలాంటి పని చేసే ఏ కంపెనీలోనూ చేరకూడదు. నోటీసు 90 రోజులు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను ఎక్కడ, ఎప్పుడు రాసిన కోడ్ అయినా కంపెనీదే. నాన్న ష్యూరిటీగా సంతకం పెట్టారు. ఇంటర్, బీటెక్ ఒరిజినల్ సర్టిఫికెట్లు, నేను సంతకం చేసిన ఒక ఖాళీ చెక్కు కూడా తీసుకున్నారు. పధ్నాలుగు నెలలు పనిచేశాను. ఇప్పుడు హైదరాబాద్‌లో ఇదే రంగంలోని వేరే కంపెనీ నుంచి మంచి ఆఫర్ వచ్చింది, 45 రోజుల్లో చేరమంటున్నారు. మా హెచ్ఆర్‌కి చెబితే "పోలీసు కేసు పెడతాం, ఎక్కడా ఉద్యోగం రాకుండా చేస్తాం" అన్నారు. నాన్న అయితే "కాగితం మీద సంతకం ఎట్టేసినాం, ఇప్పుడేటి సేత్తాం, ఎకరం అమ్మీడమే" అంటున్నారు. ఇంకో సంగతి. పలాసలో మా మావయ్యకి జీడిపప్పు వ్యాపారం ఉంది. ఆయన లెక్కల కోసం ఆదివారాలు ఇంట్లో నా సొంత లాప్‌టాప్ మీద, డబ్బు తీసుకోకుండా, ఒక యాప్ రాసిచ్చాను. అదీ కంపెనీదేనా? ఒప్పందం పేజీలు ఫొటోలు తీసి పంపుతున్నాను. నాకు దారి చెప్పండి.

సమాధానం: అమ్మా, ముందు మీ నాన్నగారి సంగతి చూద్దాం. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే. ఆ ఎకరం జోలికి ఎవరూ నేరుగా రాలేరు. కంపెనీకి మీరు డబ్బు బాకీ పడ్డారనుకుంటే వాళ్లు సివిల్ కోర్టులో దావా వెయ్యాలి. మీ వాదన కూడా కోర్టు వినాలి. విని, ఇంత ఇవ్వాలని డిక్రీ ఇవ్వాలి. ఆ డిక్రీ ప్రకారం కూడా మీరు కట్టకపోతే అప్పుడు ఆస్తి మాట వస్తుంది. ష్యూరిటీ సంతకం పెట్టారు కనుక నాన్నగారికి బాధ్యతే లేదని నేను చెప్పను. కానీ 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, జామీను ఉన్నవాళ్ల బాధ్యత అసలు వ్యక్తి బాధ్యత ఎంతో అంతే. మీరు ఇవ్వాల్సింది పది వేలని తేలితే ఆయన మీద పడేదీ ఆ పది వేలే. మీరు పంపిన పేజీల్లో అంతకు మించి ఏమీ లేదు. ఈ పేరా ఆయనకి చదివి వినిపించండి. పొలం బేరం పెట్టేపనైతే వెంటనే ఆపమనండి.

పోలీసు కేసు మాట కూడా అలాంటిదే. ఒప్పందం మీరడం సివిల్ వివాదం. మోసం కేసు నిలబడాలంటే ఒప్పందం చేసుకున్న రోజే మీకు మోసగించే ఉద్దేశం ఉందని చూపించాలి. పధ్నాలుగు నెలలు రోజూ ఆఫీసుకి వెళ్లి పనిచేసిన పిల్ల మీద ఆ మాట అతకదు. ఎవరైనా స్టేషన్ నుంచి మాట్లాడుతున్నామని ఫోన్ చేస్తే, కంగారుపడి ఫోన్‌లో ఏదీ ఒప్పుకోకండి. రాతపూర్వకంగా నోటీసు ఇమ్మని మర్యాదగా అడగండి.

ఇక కాగితం. మీరు పంపిన పేజీల్లో మిమ్మల్ని ఎక్కువ భయపెట్టిన వాక్యం తెలుగులో ఇలా ఉంటుంది: "ఉద్యోగి ఏ కారణం చేత కంపెనీని విడిచినా, ఆ తేదీ నుంచి 24 నెలల పాటు భారతదేశంలో ఎక్కడైనా, కంపెనీ వ్యాపారాన్ని పోలిన వ్యాపారంలో, ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ, ఉద్యోగిగా, సలహాదారుగా, భాగస్వామిగా ఉండరాదు." ఒకసారి నిదానంగా చదవండి. "ఏ కారణం చేత" అంటే వాళ్లే మిమ్మల్ని తీసేసినా సరే. "పోలిన వ్యాపారం" అంటే ఆసుపత్రి బిల్లింగా, ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ మొత్తమా, అసలు సాఫ్ట్‌వేర్ రంగమంతానా, ఎక్కడా చెప్పలేదు. "భారతదేశంలో ఎక్కడైనా" అంటే ఇక పోవడానికి చోటు లేదు. మీకు వచ్చిన పనే ఇది. ఇది రెండేళ్లు చెయ్యొద్దంటే ఇంట్లో కూర్చోమని చెప్పినట్టే. ఇరవై రెండేళ్ల పిల్లల చేత ఇలాంటి వాక్యం మీద సంతకం పెట్టించుకోవడం అన్యాయమని నేను గట్టిగా అనుకుంటాను.

చట్టం కూడా ఇలాంటి వాక్యాన్ని ఒప్పుకోదు. అదే కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ఏం చెబుతుందంటే, ఎవరినైనా చట్టబద్ధమైన వృత్తి, వ్యాపారం చేసుకోకుండా ఆపే ఒప్పందం ఆ మేరకు చెల్లదు. దీనికి ఆ సెక్షన్‌లోనే ఉన్న మినహాయింపు ఒక్కటే, వ్యాపారాన్ని దాని పేరుప్రతిష్ఠలతో సహా అమ్మేసిన సందర్భం. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలో బాగా నడుస్తున్న మిఠాయి దుకాణాన్ని పేరుతో సహా ఇంకొకరికి అమ్మి డబ్బు తీసుకున్నాయన, మర్నాడు పక్కనే ఇంకో దుకాణం తెరవకూడదని రాయించుకోవచ్చు. మీరు దుకాణం అమ్మలేదు, జీతానికి పనిచేశారు. స్టాంపు కాగితం మీద రాసినా, నోటరీ ముద్ర వేసినా, చట్టం చెల్లదన్నది చెల్లుబాటు కాదు. రెండేళ్లు కాకుండా ఆరు నెలలే అని రాసినా అంతే, ఉద్యోగం అయిపోయాక వర్తించే నిషేధాన్ని మన కోర్టులు "కాలం తక్కువే కదా" అని నిలబెట్టవు. సుప్రీంకోర్టు 2006లో క్రికెటర్ జహీర్ ఖాన్ మీద ఒక ఏజెన్సీ వేసిన కేసులోనూ, ఒప్పందం గడువు ముగిశాక కొనసాగే ఆంక్ష చెల్లదనే చెప్పింది.

మీ పరిస్థితికి బాగా దగ్గరగా ఉన్న కేసు 2025 జూన్‌లో ఢిల్లీ హైకోర్టులో తేలింది. ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరు తన కంపెనీ తరఫున కేంద్ర ప్రభుత్వ పోషణ్ ట్రాకర్ (అంగన్‌వాడీల పోషకాహార వివరాలు చూసే యాప్) ప్రాజెక్టు మీద పనిచేశాడు. రాజీనామా చేసి, నోటీసు కాలం పూర్తి చేసి, ఆ ప్రాజెక్టు ఎవరిదో ఆ డిజిటల్ ఇండియా కార్పొరేషన్‌లోనే చేరాడు. పాత కంపెనీ ఒప్పందంలో మూడేళ్ల నిషేధం ఉంది. కింది కోర్టు అతన్ని ఆపుతూ ఇంజంక్షన్ ఇచ్చింది. హైకోర్టు దాన్ని కొట్టేసింది. 27వ సెక్షన్ ముందు ఆ షరతు నిలవదంది. ఢిల్లీ తీర్పుకి విశాఖ కోర్టు కట్టుబడి తీరాలని లేదు, కానీ అది ఆధారపడింది సుప్రీంకోర్టు మాటల మీదే కాబట్టి దానికి బరువుంది.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది, అది చెప్పకపోతే మీకు సగం సలహా ఇచ్చినట్టవుతుంది. చెల్లనిది ఉద్యోగం ముగిశాక వర్తించే ఆంక్ష. ఉద్యోగంలో ఉండగా వర్తించే ఆంక్ష చెల్లుతుంది. 1967లో సుప్రీంకోర్టు ఒక కేసు తేల్చింది. మహారాష్ట్రలో కల్యాణ్ దగ్గర రేయాన్ ఫ్యాక్టరీలో టైర్ కార్డ్ (టైర్లలో వాడే గట్టి దారం) తయారీ విభాగంలో షిఫ్ట్ సూపర్‌వైజరుగా ఒకాయన ఐదేళ్ల ఒప్పందం మీద చేరాడు. శిక్షణ పొందాడు, విదేశీ కంపెనీ ఇచ్చిన సాంకేతిక రహస్యాలు తెలుసుకున్నాడు. ఐదేళ్లు పూర్తవకుండానే మానేసి రాజస్థాన్‌లో పోటీ కంపెనీలో ఎక్కువ జీతానికి చేరాడు. ఒప్పందంలో మిగిలిన కాలం పాటు పోటీ కంపెనీలో అలాంటి పని చెయ్యకూడదన్న ఉత్తర్వుని సుప్రీంకోర్టు సమర్థించింది. మీ కంపెనీ వకీలు ఎవరైనా ఉంటే ముందు ఈ కేసే బయటికి తీస్తారు. "ఈమెదీ రెండేళ్ల ఒప్పందం, ఇంకా పది నెలలుంది" అంటారు.

దానికి జవాబు మీ ఒప్పందంలోనే ఉంది. ఏడో పేరా చూడండి: ఇరు పక్షాల్లో ఎవరైనా 90 రోజుల నోటీసు ఇచ్చి గానీ, ఆ కాలానికి మూల వేతనం చెల్లించి గానీ ఉద్యోగాన్ని విరమించుకోవచ్చు. అంటే ఇది ఎటూ కదలకూడని రెండేళ్ల కాలం కాదు, నోటీసుతో ముగిసే ఉద్యోగం. నోటీసు సక్రమంగా ఇచ్చి ముగించుకుంటే, ఆ తర్వాతిదంతా "ఉద్యోగం ముగిశాక" కిందికే వస్తుందని గట్టిగా వాదించొచ్చు. అందుకే చెబుతున్నాను, ఎలా మానేస్తారన్నది మీకు చాలా ముఖ్యం. శుక్రవారం దాకా పనిచేసి సోమవారం నుంచి ఫోన్ కట్టేసి మాయమైతే ఈ వాదన బలం సగానికి సగం పోతుంది.

మూడు లక్షల సంగతి వేరు. రెండేళ్లు ఉండు, లేదంటే నష్టపరిహారం కట్టు అనే షరతు మిమ్మల్ని ఇంకో ఉద్యోగం చెయ్యొద్దనడం లేదు. కాబట్టి "బాండ్లేవీ చెల్లవు, చింపి పారేయండి" అని వీడియోల్లో చెప్పేవాళ్లని నమ్మకండి. 2025 మే నెలలో సుప్రీంకోర్టు విజయా బ్యాంకు కేసులో మూడేళ్లలోపు మానేసిన అధికారి రెండు లక్షలు కట్టాలన్న షరతుని సమర్థించింది. ప్రభుత్వ రంగ బ్యాంకు పోటీ పద్ధతిలో నియామకాలు చెయ్యాలి, మధ్యలో మానేస్తే మళ్లీ ఆ ఖర్చు, ఆ కాలం పడతాయి, పెద్ద హోదా ఉన్న అధికారికి ఆ మొత్తం అసాధ్యమేమీ కాదు అని కోర్టు చూసింది.

మరి మీ మూడు లక్షలు? ఇక్కడ కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ పనికొస్తుంది. ఒప్పందంలో ఎంత మొత్తం రాసినా, కోర్టు ఇప్పించేది సమంజసమైన పరిహారమే. రాసిన మొత్తం దానికి పైహద్దు మాత్రమే. అందులో ఎంత సమంజసమో కంపెనీ చూపించుకోవాలి. మీకు ఏం శిక్షణ ఇచ్చారు? బయట సంస్థకి ఫీజు కట్టారా, పరీక్ష రాయించారా, వేరే ఊరు పంపారా? మీ ఉత్తరంతో పంపిన పేజీల్లో "ప్రత్యేక శిక్షణ" అని ఒక్క మాట తప్ప ఖర్చు వివరం లేదు. ఢిల్లీ హైకోర్టు 2011లో తేల్చిన ఒక కేసు లెక్క చూడండి. బాండు రెండు లక్షలు, మూడేళ్లు పనిచెయ్యాలి. ఉద్యోగి రెండేళ్లు చేసి మానేశాడు. కంపెనీ శిక్షణ మీద నిజంగా పెట్టిన ఖర్చు రూ.67,595 అని తేలింది. మూడింట రెండు వంతుల కాలం పనిచేశాడు కనుక మిగిలిన మూడో వంతు, రూ.22,532 కడితే చాలన్నారు. అదే పద్ధతిలో మీ లెక్క వేస్తే, కంపెనీ మీ శిక్షణకి ముప్పై వేలు ఖర్చు చూపించగలిగిందనుకుందాం, ఇరవై నాలుగు నెలల్లో మిగిలినవి పది కాబట్టి పన్నెండున్నర వేలు. సరిగ్గా ఇంతే వస్తుందని నేను హామీ ఇవ్వలేను. కానీ బేరం మాట్లాడడానికి కూర్చున్నప్పుడు మీ చేతిలో ఉండాల్సిన లెక్క ఇది. సీనియర్ పక్కన కూర్చోబెట్టి పని నేర్పడాన్ని మూడు లక్షల శిక్షణ అనలేరు. ఏ ఉద్యోగంలోనైనా కొత్తవాళ్లకి పని చెప్పాల్సిందే.

అన్నిటికంటే ముందు నన్ను తొందరపెడుతున్నది ఆ ఖాళీ చెక్కు. నిషేధం షరతు చెల్లదు, బాండు మొత్తం తగ్గుతుంది, కానీ చెక్కు అలా కాదు. సంతకం చేసి ఇచ్చిన ఖాళీ చెక్కులో అంకె తరవాత వాళ్లు నింపినా, అది బాకీ తీర్చడానికే ఇచ్చారని చట్టం ముందుగా భావిస్తుంది. కాదని చూపించాల్సింది మీరు. సుప్రీంకోర్టు 2019లో ఈ మాటే స్పష్టంగా చెప్పింది. పైగా చెక్కు తిరిగొస్తే వచ్చేది నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద క్రిమినల్ కేసు. అందుకే రాజీనామా మెయిల్‌తో పాటే, చెక్కు నంబరు రాసి, "ఉద్యోగంలో చేరినప్పుడు భద్రత కోసం మాత్రమే తేదీ, మొత్తం లేకుండా తీసుకున్నారు, నేను కంపెనీకి ఎలాంటి బాకీ ఒప్పుకోలేదు, తిరిగి ఇవ్వండి" అని మెయిల్ పెట్టండి. చెక్కు బుక్కు చివరి కాగితంలో ఆ నంబరు పక్కన మీరు రాసుకున్నదేమైనా ఉంటే ఫొటో తీసి దాచండి. చెల్లింపు ఆపమని బ్యాంకుకి రాసినా కేసు రాకుండా పోదు. ఖాతా మూసెయ్యడం అసలే వద్దు. చెక్కు తిరిగొచ్చిందంటూ వకీలు నోటీసు వస్తే, అందిన పదిహేను రోజుల్లోగా జవాబు వెళ్లాలి. ఆ ఒక్క కాగితాన్ని మాత్రం ఒక్క రోజు కూడా పక్కన పెట్టకండి.

సర్టిఫికెట్లు వాళ్లవి కావు. తాకట్టు కింద పట్టుకునే హక్కు ఎవరికుంటుందో కాంట్రాక్టు చట్టం 171వ సెక్షన్ చెబుతుంది: బ్యాంకర్లు, రేవు గిడ్డంగుల వాళ్లు, ఇలా కొందరే. ఆ జాబితాలో ఉద్యోగమిచ్చిన యజమాని లేడు. మీ ఇంటర్, బీటెక్ మార్కుల జాబితాలు డిజిలాకర్‌లో ఉన్నాయేమో ఈరోజే చూడండి, ఉంటే కొత్త కంపెనీ పరిశీలనకి అవి అక్కరకొస్తాయి. ఒరిజినల్స్ కోసం ముందు మెయిల్, వారంలో జవాబు రాకపోతే లాయరు నోటీసు.

రాజీనామా మెయిల్ ఇంగ్లిషులోనే రాస్తారు, దాని సారాంశం ఇలా ఉండాలి. "ఒప్పందం ఏడో పేరా ప్రకారం ఈ తేదీ నుంచి రాజీనామా నోటీసు ఇస్తున్నాను. నా దగ్గర మిగిలిన సెలవులని నోటీసు కాలంలో సర్దమని, మిగిలిన రోజులకి అదే పేరా ప్రకారం మూల వేతనం చెల్లించి ఫలానా తేదీన వైదొలగడానికి అనుమతించమని కోరుతున్నాను. నా పనంతా ఎవరికి అప్పగించాలో చెప్పండి, అప్పగిస్తాను. నా ఒరిజినల్ సర్టిఫికెట్లు, చెక్కు ఆఖరి రోజున తిరిగి ఇవ్వండి." అంతే. కోపం వద్దు, కొత్త కంపెనీ పేరు వద్దు, జీతం తక్కువన్న ఫిర్యాదు వద్దు. ఆఫీసు మెయిల్ నుంచి పంపి, మీ సొంత మెయిల్‌కి కాపీ పెట్టుకోండి. ఆఖరి రోజున ఆఫీసు మెయిల్ మూసేస్తారు, తరవాత మీ దగ్గర రుజువేదీ ఉండదు.

తొంభై రోజులకీ నలభై ఐదు రోజులకీ మధ్య తేడా గురించి హైదరాబాద్ కంపెనీతో దాచకుండా మాట్లాడండి. నోటీసు కాలం డబ్బు తామే కడతామనే కంపెనీలు చాలా ఉన్నాయి, లేదా నెల ఆగుతారు. బాండు, నిషేధం షరతు ఉన్నాయని కూడా వాళ్లకి ముందే రాతలో చెప్పండి. మీ కంపెనీ హెచ్ఆర్ తరవాత వాళ్లకి మెయిల్ పెట్టినా, అది అప్పటికే వాళ్లకి తెలిసిన విషయం అవుతుంది. ఒకటి మాత్రం కనుక్కోండి: మీ పాత కంపెనీకీ ఆ కొత్త కంపెనీకీ మధ్య వ్యాపార ఒప్పందం ఏదైనా ఉందా? రెండు కంపెనీలు "మీ మనుషుల్ని మేం తీసుకోం" అని తమలో తాము రాసుకుంటే దాని లెక్క వేరు, దానికి 27వ సెక్షన్ ఇంత సులువుగా అడ్డు రాదు.

జీతం బకాయి ఆపుతారేమోనన్న అనుమానం మీకు ఉండే ఉంటుంది. 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉన్న వేతనాల కోడ్ ప్రకారం రాజీనామా చేసిన ఉద్యోగికి రావాల్సిన వేతనం రెండు పనిదినాల్లో చెల్లించాలి. పీఎఫ్ మీది, బాండు పేరు చెప్పి దాన్ని పట్టుకోలేరు. వాళ్లు పీఎఫ్‌లో మీరు మానేసిన తేదీ వెయ్యకపోతే రెండు నెలల తరవాత ఈపీఎఫ్ఓ వెబ్‌సైట్‌లో మీరే వేసుకోవచ్చు. రిలీవింగ్ లెటర్ (ఉద్యోగం నుంచి విడుదల చేశామన్న పత్రం) ఇచ్చేది లేదని బెదిరిస్తే రాజీనామా మెయిల్, జీతం చీటీలు, పీఎఫ్ వివరాలు కలిపి కొత్త కంపెనీకి ఇవ్వండి, చాలా చోట్ల వాటితో సరిపెట్టుకుంటారు.

వివాదం వస్తే కంపెనీ డైరెక్టరు నియమించే మధ్యవర్తి తీర్పే ఆఖరు అని పదకొండో పేరాలో ఉంది. ఒక పక్షం తనకు తానే ఏకైక మధ్యవర్తిని పెట్టుకోవడం పనికిరాదని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది, 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం ప్రభుత్వ సంస్థల ఒప్పందాల విషయంలో ఇంకా గట్టిగా చెప్పింది. దాని మీద నిద్ర చెడగొట్టుకోకండి. కేసులు విశాఖ కోర్టుల్లోనే నడవాలన్న మాట మాత్రం చెల్లుతుంది, ఉద్యోగ ఒప్పందాల్లో కూడా ఇలాంటి షరతు సరైనదేనని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అంది. మీకు విశాఖ దూరం కాదు కనుక నష్టం లేదు. రేపు బెంగళూరు కంపెనీలో చేరితే ఈ వాక్యం చూసుకోండి.

ఇప్పుడు మీ మావయ్యగారి యాప్. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మన పిల్లలు చాలామంది ఈ సంగతి పట్టించుకోరు, నష్టమేమో ఇక్కడే జరుగుతుంది. కాపీరైటు చట్టం 1957 ప్రకారం ఉద్యోగంలో భాగంగా రాసిన కోడ్ యజమానిది, వేరే ఒప్పందం లేకపోతే. "ఉద్యోగంలో భాగంగా" అన్న మాట దగ్గర ఆగండి. జీడిపిక్కల బస్తా 80 కేజీలు, బస్తాకి ఎంత గుండు (విరగని పప్పు) వచ్చింది, ఎంత బద్ద వచ్చింది, పిక్క కొట్టిన ఆడవాళ్లకి కేజీల లెక్కన ఎంత కూలి ఇవ్వాలి, ఈ లెక్కకీ ఆసుపత్రి బిల్లుకీ సంబంధం లేదు. ఆదివారం, మీ ఇంట్లో, మీ లాప్‌టాప్ మీద రాశారు. చట్టం ఒక్కటే ఉంటే అది మీదే. కానీ మీ ఒప్పందం చట్టం కంటే ముందుకి వెళ్లింది, "ఎక్కడ, ఎప్పుడు రాసినా" అంది. ఇలాంటి విశాలమైన వాక్యాన్ని కోర్టులో ఎదిరించొచ్చు, ఉద్యోగంతో సంబంధమే లేని పనిని లాక్కోవడం సమంజసం కాదని గట్టిగా వాదించొచ్చు. అయినా వాదన అవసరం రాకుండా చూసుకోవడమే మేలు.

అందుకని మూడు సంగతులు చూసుకోండి. ఆ యాప్‌లో ఆఫీసు కోడ్ ఒక్క వరుస కూడా ఉండకూడదు. బిల్లు ముద్రించే భాగం ఆఫీసులో రాసిందే కాపీ కొట్టారా? కొట్టి ఉంటే ఈ రాత్రే తీసేసి కొత్తగా రాయండి. ఆఫీసు లాప్‌టాప్‌లో గానీ ఆఫీసు ఖాతాతో గానీ దాన్ని ఎప్పుడూ తెరవకండి. ఎప్పుడెప్పుడు రాశారో తేదీలతో సహా మీ సొంత గిట్‌హబ్ (కోడ్ దాచుకునే వెబ్‌సైట్) ఖాతాలో ఉంటే అది మంచి సాక్ష్యం, చెరపకండి. మావయ్యగారి దగ్గర డబ్బు తీసుకోలేదని రాశారు, అది కూడా మీకు మేలే. ఉద్యోగంలో ఉంటూ ఇంకోచోట సంపాదించడం మీద కంపెనీలు కఠినంగా ఉంటాయి, 2022లో విప్రో పోటీ సంస్థలకి పనిచేస్తున్నారని 300 మందిని తీసేసింది.

దీనికి రెండో వైపు ఉంది. మానేసే వారంలో చాలామంది "నేను రాసిందే కదా" అని ఆఫీసు కోడ్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటారు, సొంత జీమెయిల్‌కి పంపుకుంటారు. ఆసుపత్రుల జాబితా, ధరల పట్టిక పట్టుకెళ్తారు. దయచేసి ఆ పని చెయ్యకండి. గోప్యత షరతు ఉద్యోగం ముగిశాక కూడా చెల్లుతుంది. అనుమతి లేకుండా కంపెనీ కంప్యూటర్ నుంచి డేటా తీసుకోవడం ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కిందికి వస్తుంది, అది నిజంగా పోలీసు కేసు. మీ దగ్గరున్నది ఆసుపత్రి రోగుల బిల్లులు కూడా, అది ఇతరుల సొంత సమాచారం. మీ బుర్రలో ఉన్న నేర్పు మీది, జావా మీకొచ్చు, బీమా క్లెయిము ఎలా నడుస్తుందో మీకు తెలుసు, దాన్ని ఎవరూ లాక్కోలేరు. ఫైలు మాత్రం వాళ్లది. పాత ఆసుపత్రులకి ఫోన్ చేసి "నేను కొత్త కంపెనీకి వచ్చాను, మీరూ రండి" అనడం కూడా కొన్నాళ్లు మానుకోండి, ఖాతాదారులని లాక్కోకూడదన్న షరతుల్ని కోర్టులు నిషేధం షరతు అంత తేలిగ్గా కొట్టెయ్యవు.

హైదరాబాద్ కంపెనీ ఒప్పందం వచ్చినప్పుడు సంతకం ముందు రెండు రోజులు గడువు అడగండి. మీరు ముందే చేసిన పనులు ఒక చీటీలో రాసి, "ఇవి నావి, ఈ ఒప్పందంలోకి రావు" అని జతచెయ్యమని మెయిల్‌లో కోరండి, జీడిపప్పు యాప్ పేరు అందులో మొదటిది. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించండి, వదిలి రాకండి. ఖాళీ చెక్కు అడిగితే ఆ ఉద్యోగమే వద్దనుకోండి. సంతకం చేసిన కాపీ ఒకటి మీ దగ్గర ఉండాలి. నా దగ్గరకి వచ్చే పిల్లల్లో చాలామంది దగ్గర అదే ఉండదు, మీరు ఫొటోలైనా తీసుకున్నారు, సంతోషం.

లాయరు ఖర్చుకి వెనకాడుతుంటే ఒక మాట. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆడవాళ్లందరికీ ఉచిత న్యాయసహాయం హక్కుగా ఉంది. శ్రీకాకుళంలో జిల్లా న్యాయసేవాధికార సంస్థకి ఒప్పందం కాపీ, ఆఫర్ లెటర్, మూడు జీతం చీటీలు పట్టుకుని వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చెయ్యండి. చెక్కు మెయిల్ మాత్రం వాళ్ల కోసం ఆగకుండా రేపే పంపండి. దానికి కంపెనీ ఏ జవాబిచ్చినా, ఆఖరికి జవాబివ్వకపోయినా, పది రోజుల్లో నాకు రాయండి, తరవాతి కాగితం కలిసి రాద్దాం.